వారం వార్తల రిజిస్టరు: పదేళ్లు దాటి వాడాక

కడప పాత బస్టాండు పక్క సందులో ఒక టీ బంకు ఉంది. ఆదివారం పొద్దున ఏడింటికి అక్కడ ఐదుగురం చేరతాం: రిటైరైన అయ్యవారు, ఆటో మామ, కువైట్‌లో పద్నాలుగేళ్లు డ్రైవరుగా చేసి వచ్చిన భాయ్, మందుల షాపు అన్న, నేను. ఆ వారం రాజకీయమంతా అక్కడే తేలాలి. 2015 జనవరి దాకా ఉత్త మాటలే నడిచాయి. ఏది జరిగినా ఎవరో ఒకరు "నేనప్పుడే చెప్పినా గదప్పా" అనేవాళ్లు. విసిగిపోయి అయ్యవారు ఒక రిజిస్టరు కొనుక్కొచ్చారు. కాలికో బైండు, 200 పేజీలు. ఇప్పుడు మూడోది చివరికొచ్చింది.

వారానికి ఒక పేజీ. ఊరు, దేశం, ప్రపంచం అని మూడు గళ్లు. కుడివైపు సన్నగా ఇంకో గడి: ఎవరు చెప్పారు? పేపరా, టీవీనా, వాట్సాపా, కళ్లారా చూసిందా? పైన తేదీ, కింద రాసినవాళ్ల సంతకం. అంతే.

దీనివల్ల అన్నిటికన్నా బాగా అర్థమైంది ఉక్కు ఫ్యాక్టరీ సంగతి. విభజన చట్టంలో మన జిల్లా ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఆరు నెలల్లో పరిశీలించాలని రాసినారు కదా, మొదటి పేజీలో ఉన్నది అదే. 2018 డిసెంబరు 27న కంబాలదిన్నెలో చంద్రబాబు శంకుస్థాపన. ఏడాది తిరక్కుండానే, 2019 డిసెంబరు 23న సున్నపురాళ్లపల్లెలో జగన్ శంకుస్థాపన. 2023 ఫిబ్రవరి 15న మళ్లీ సున్నపురాళ్లపల్లెలోనే భూమిపూజ, ఈసారి జిందాల్ ఉక్కు కంపెనీతో కలిసి. విడివిడిగా విన్నప్పుడు ప్రతిసారీ నమ్మినాం. పేజీలు తిప్పుతూ వరసగా చదివితే నవ్వొస్తుంది. 2007 నాటి బ్రహ్మణీ స్టీల్స్ శంకుస్థాపన సంగతి రిజిస్టరుకు ముందుది కాబట్టి, దాన్ని మామ అట్ట మీద రాసిపెట్టినాడు.

ప్రపంచం గడి మొదట్లో ఖాళీగానే ఉండేది. 2016 నవంబరు 13 పేజీ చూస్తే, నోట్ల రద్దు దేశం గడి దాటి ఊరు గడిలోకి పొర్లింది. ట్రంప్ గెలుపు ఒకే ఒక్క లైను. తర్వాత తర్వాత ఆ గడి భాయ్ సొంతమైంది. మాకు ప్రపంచమంటే ముందు కువైట్, ఆ తర్వాతే అమెరికా. 2022 ఫిబ్రవరి 27న యుక్రెయిన్ యుద్ధం పక్కన ఆయన "సన్‌ఫ్లవర్ నూనె పెరుగుతుంది" అని రాస్తే, యాడో యుద్ధమైతే మన బాణలికేమని నవ్వినాం. నెలలోపే మా ఇంట్లో వేరుశనగ నూనెకు మారినాం.

ఇక లోపాలు.

ఒకటి బైండింగు. రెండో రిజిస్టరు కుట్లు మూడేళ్లకే ఊడినాయి. అమ్మిన షాపాయన "అంతగా తిప్పితే ఊడవా" అన్నాడు. మామ దబ్బనంతో, ట్వైను దారంతో కుట్టుకొచ్చినాడు. ఆ కుట్టు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

రెండోది అసలు లోపం. నోట్ల రద్దప్పుడు మందుల షాపు అన్న "యాభై రోజులు ఓపిక పడితే నల్లడబ్బంతా చిత్తు కాగితమే" అని రాసి సంతకం పెట్టినాడు. 2018 ఆగస్టులో, రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని రిజర్వు బ్యాంకు చెప్పిన వారం, భాయ్ ఆ పేజీ తీసి బంకులో అందరికీ వినపడేలా చదివినాడు. అన్న టీ సగంలోనే పెట్టి లేచిపోయినాడు. నాలుగు నెలలు రాలేదు. పోయి పిలుచుకొచ్చింది మళ్లీ భాయే. అప్పట్నుంచి పాత పేజీ ఎవరు రాసింది వాళ్లే తీయాలని కట్టుబాటు.

"ఎవరు చెప్పారు" గడి కూడా ఒకసారి మమ్మల్ని ముంచింది. 2024లో అఖామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) లేనివాళ్లకు కువైట్ మార్చి 17 నుంచి జూన్ 17 దాకా క్షమాభిక్ష ఇచ్చింది. గడువు పొడిగించినారని మామ చెప్తే, వాట్సాపు మాట అని కొట్టేసినాం. తీరా అది నిజమే, జూన్ 30 దాకా పొడిగించినారు. మామ బామ్మర్ది ఆ పొడిగింపులోనే ఇల్లు చేరినాడు.

జోస్యాలకు మాత్రం ఇది పనికిరాదు. 2024 మే 12, పోలింగుకు ముందురోజు, ఐదుగురం ఐదు అంకెలు రాసినాం. వైసీపీకి డెబ్బై కన్నా తక్కువ ఎవరూ వేయలేదు. వచ్చింది 11. కూటమికి 164, అందులో మన పాత జిల్లా పదింటిలో ఏడు. "నా ఆటో ఎక్కినోళ్లు ఒక్కరూ నిజం చెప్పలేదే" అని మామ ఇప్పటికీ బాధపడతాడు.

2021 నవంబరు 21 పేజీలో పార్టీల మాటే లేదు. రెండు రోజుల ముందు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు ఒడ్డు ఊళ్ల పేర్లు మాత్రం ఉన్నాయి: పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట. కింద ఐదు సంతకాలు.

కొనేవాళ్లు 200 పేజీలదే తీసుకోండి, అంతకన్నా లావుదైతే చంకలో పట్టదు. బాల్ పెన్నుతో రాయండి. ఇంకు పెన్నుతో రాసిన 2015 పేజీల మీద టీ ఒలికి సగం చెరిగిపోయినాయి. నాలుగోది ఈసారి నేను కొనాలి. మొదటి పేజీ ఉక్కు ఫ్యాక్టరీకి వదలాలని అయ్యవారు ముందే చెప్పినారు.