కాఫీయా, బిళ్లా, పొడా? నిద్ర ఆపుకోవడానికి ఏది మేలు

పరీక్షలు దగ్గర పడితే చాలు, గుంటూరు బ్రాడీపేటలోని మా మందుల షాపుకు హాస్టల్ పిల్లలు ఒకే ప్రశ్న పట్టుకొని వస్తారు: "అంకుల్, కాఫీ చాలడం లేదు. కెఫీన్ బిళ్లలు మంచివా, పొడి మంచిదా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను.

మూడింటిలోనూ ఉన్న పదార్థం ఒకటే. 1819లో జర్మన్ రసాయనవేత్త రూంగే దాన్ని కాఫీ గింజల నుంచి వేరు చేశాడు. ఆ గింజలు అతని చేతిలో పెట్టి పరీక్షించమన్నది మహాకవి గోథే. 1895లో మరో జర్మన్ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్ గింజతో పని లేకుండా ప్రయోగశాలలోనే తయారుచేశాడు. మెదడులో నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అనే రసాయనం చేరే చోట్లను కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకు తెలియకుండా ఉంటుందంతే. నెలలు నిండకుండా పుట్టి ఊపిరి ఆగి ఆగి తీసే శిశువులకు ఆసుపత్రుల్లో ఇదే కెఫీన్ మందు. అక్కడ బిడ్డ బరువు చూసి, కొలిచి ఇస్తారు.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఆ కొలతే. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు 400, ఒకసారికి 200 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ అంచనా. 1,200 మిల్లీగ్రాములు ఒక్కసారిగా లోపలికి వెళితే మూర్ఛ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిక. ఒకసారికి ఫరవాలేదన్న మోతాదుకూ దీనికీ నడుమ తేడా ఆరు రెట్లే.

ఫిబ్రవరిలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఆన్‌లైన్‌లో తెప్పించిన పొడి పొట్లం పట్టుకొచ్చాడు. లోపల కొలత చెంచా లేదు. "చిటికెడు వేసుకుంటే చాలు కదా అంకుల్?" అన్నాడు. పక్కనున్న బంగారం కొట్టు నుంచి చిన్న త్రాసు తెప్పించి, దానిమీద కాగితం పరిచి చిటికెడు తీయమన్నాను. 190 మిల్లీగ్రాములు తూగింది. నేను తీస్తే 340. మా షాపులో పనిచేసే అబ్బాయి వేళ్లు లావు, అతను తీస్తే 460. టీ చెంచాతో గీసి తీస్తే మూడు గ్రాములు దాటింది, అంటే దాదాపు 28 కప్పుల కాఫీ! ఆ పిల్లవాడు చాలాసేపు త్రాసు వైపే చూస్తూ నిలబడ్డాడు.

పైగా అది పూర్తిగా రక్తంలోకి ఎక్కడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా పని చేయలేదనుకొని రెండో చిటికెడు వేసుకుంటే ముప్పు ముంచుకొస్తుంది. 2014లో అమెరికాలో ఇద్దరు యువకులు ఈ పొడి వల్లే చనిపోయారు. విడి పొడిని పెద్ద మొత్తంలో నేరుగా జనానికి అమ్మడం చట్టవిరుద్ధమని 2018లో అక్కడి సంస్థ తేల్చి చెప్పింది. పొడిని ఇంట్లోకే రానివ్వకండి.

బిళ్ల అంతకంటే నయం. 100 అనో 200 అనో అట్ట మీద రాసి ఉంటుంది. అయితే రెండోది, మూడోది మింగడానికి గుక్కెడు నీళ్లు చాలు, భయం అక్కడే. గుండె దడ, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడే రోజుల్లో కెఫీన్ ఒంట్లోంచి త్వరగా పోదని కూడా గుర్తుంచుకోండి.

నా మొగ్గు కాఫీకే. కాఫీ పొడిలో చికోరీ ఎంత కలిపారన్నదాన్ని బట్టి గ్లాసు గ్లాసుకూ కెఫీన్ మారుతుంది, నిజమే. కానీ ఆ వేడి, ఆ చేదు, నిండే కడుపు మనిషిని ఆపుతాయి. పొరపాటున 28 గ్లాసులు ఎవరూ తాగలేరు. తాగినదాంట్లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి పొద్దున్నే పరీక్ష ఉంటే ఆఖరి గ్లాసు సాయంత్రం ఐదులోపే తాగండి.

ఎనర్జీ డ్రింకుల్లో మన నిబంధనల ప్రకారం కెఫీన్ లీటరుకు 300 మిల్లీగ్రాములు మించకూడదు. చాలావాటిలో చక్కెర మాత్రం దండిగా ఉంటుంది. టీ అలవాటున్నవాళ్లకు టీ చాలు.

ఎవరైనా పొడి గానీ బిళ్లలు గానీ ఎక్కువ వేసుకొని ఆగకుండా వాంతులు, గుండె దడ, చేతుల వణుకు అంటే తెల్లవారేదాకా చూడకండి. వెంటనే 108కి ఫోను చేసి, ఆ పొట్లాన్ని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.