బెంచి మీద తిరిగిందని నమ్మకండి: ‘రీబిల్ట్’ స్టార్టర్-జనరేటర్ కొనేవాళ్ళకి జాగ్రత్త

పాత గార్డెన్ ట్రాక్టర్లకి స్టార్టర్-జనరేటర్లు ‘రీబిల్ట్’ చేసి అమ్మే ఆ మహానుభావుడెవరో ఈ యంత్రాలు వాడేవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. నిగనిగలాడే నల్లరంగు, గిర్రున తిరుగుతున్న మోటారు వీడియో, కింద "పూర్తిగా రీబిల్ట్, టెస్టెడ్" అని. అతనే. కొనబోతుంటే ఆగి ఇది చదవండి. కొనేసి ఉంటే బిగించకముందే చదవండి.

నా ట్రాక్టరు ఇంజను కోలర్ కే301, 12 హార్స్ పవర్, ఒకటే సిలిండరు. దాని స్టార్టర్-జనరేటర్ అంటే సెల్ఫూ డైనమో రెండూ ఒకే డబ్బాలో ఉండి బెల్టుతో తిప్పే మోటారు. సెల్ఫ్ కొడితే, పిస్టన్ గాలిని నొక్కే కంప్రెషన్ దగ్గరికి రాగానే మూలిగి ఆగిపోతోంది. పాత మోటారు కాలిపోయిందని తేలింది, ఇతని మోటారు వచ్చింది, బిగించాను, మళ్ళీ అదే మూలుగు.

ఫోన్ చేస్తే మొదటి జవాబు: "వీడియోలో తిరుగుతోంది కదండీ. మోటారుకేం లేదు, మీ ఇంజనే పట్టేసి ఉంటుంది."

సరే, ఇంజను తప్పేం లేదని తేల్చాకే మళ్ళీ మాట్లాడదామని వరసగా కొలతలు తీశాను. ఇతనితోనే కాదు, ఎవరితో పేచీ వచ్చినా ఈ కొలతలు మీ చేతిలో ఉండాలి.

ముందు ప్లగ్గు తీసెయ్యాలి. ప్లగ్గు వైరుని ఇంజను బాడీకి ఎర్త్ చేసి, గేరు న్యూట్రల్‌లో, పీటీవో క్లచ్ (మోవర్ లాంటి పరికరాల్ని తిప్పేది) ఆఫ్‌లో పెట్టి, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పి చూడండి. పట్టేసిన ఇంజనైతే ఇక్కడే దొరికిపోతుంది. ప్లగ్గు కన్నంలోంచి పెట్రోలు చిమ్మితే అది వేరే సంగతి: కార్బురేటర్లో పెట్రోలుని ఆపే ఫ్లోటు నీడిల్ కారి సిలిండర్లోకి పెట్రోలు దిగింది. ఆయిల్ గేజి పుల్ల వాసన చూడండి, పెట్రోలు వాసనొస్తే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చెయ్యొద్దు. చలికాలంలో చిక్కటి ఆయిల్ ఉన్నా ఇంజను బరువుగానే తిరుగుతుంది. ఈ ఇంజను మాత్రం ప్లగ్గు లేకుండా ఒక్క చేత్తో సాఫీగా తిరిగింది.

తర్వాత కంప్రెషన్ రిలీజ్. చాలామంది దీన్ని మర్చిపోయి మోటార్ల మీద మోటార్లు కొంటుంటారు. ఈ కోలర్లలో క్యామ్‌షాఫ్ట్ మీద చిన్న బరువులుంటాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అవి ఎగ్జాస్ట్ వాల్వుని రవ్వంత ఎత్తిపట్టి కొంత కంప్రెషన్ వదిలేస్తాయి. ఇంజను సుమారు 650 ఆర్‌పీఎమ్ అందుకున్నాక విచ్చుకుని తప్పుకుంటాయి. ఆ ఎత్తడం చాలా తక్కువ కాబట్టి ట్యాపెట్ సందు (వాల్వు కాడకీ దాన్ని ఎత్తే ట్యాపెట్‌కీ మధ్య ఖాళీ) పెరిగితే మొత్తం అందులోనే కలిసిపోతుంది. అప్పుడు పూర్తి కంప్రెషన్ మోటారు నెత్తిన పడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ సందు అంగుళంలో 0.017 నుంచి 0.020 (0.43 నుంచి 0.51 మి.మీ.), ఇన్‌టేక్ 0.008 నుంచి 0.010 (0.20 నుంచి 0.25 మి.మీ.) ఉండాలి. కే241 నుంచి పైవాటికి ట్యాపెట్ స్క్రూలుంటాయి, సర్దుకోవచ్చు. కే181, అంతకంటే చిన్నవాటికి ఆ సౌకర్యం లేదు, వాల్వు కాడ కొన గ్రైండ్ చేయించాల్సిందే. ప్లగ్గు మళ్ళీ బిగించి, వైరు ఎర్త్‌లోనే ఉంచి, మామూలుగా తిరిగే దిశలో చేత్తో తిప్పితే తేలిగ్గా వెళ్ళి, వెనక్కి తిప్పితే ఎదురు తన్నాలి. అలా ఉంటే కంప్రెషనూ ఉన్నట్టే, రిలీజూ పని చేస్తున్నట్టే. ఇక్కడ రెండూ బాగున్నాయి, ఎగ్జాస్ట్ సందు 0.018.

టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకెళ్ళినా ఇలాగే ఏడిపిస్తుంది కానీ ఆ తీరు వేరు. ఆగిపోదు, పైకొచ్చి వెనక్కి తంతుంది. స్పార్క్‌ని పుట్టించే కాంటాక్ట్ పాయింట్ల సందు 0.020 అంగుళం ఉండాలి. సందు ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ ముందుకి జరుగుతుంది. అనుమానముంటే కాయిల్‌కి వెళ్ళే సన్న వైరు పీకి సెల్ఫ్ కొట్టండి. తన్నడం ఆగిపోతే టైమింగ్‌దే తప్పు. వైరు పీకినా ఇక్కడ మూలుగే.

ఇక మీటరు. బ్యాటరీ విడిగా 12.6 వోల్టులు. సెల్ఫ్ కొట్టి మోటారు కంప్రెషన్ దగ్గర ఆగిపోయినప్పుడు 11.6. ఒకరు బటన్ నొక్కి ఉంచగా ఇంకొకరు రీడింగ్ తీయాలి, అదీ రెండు మూడు సెకన్లకి మించకుండా. బ్యాటరీ ప్లస్ బొడిపె నుంచి మోటారు పెద్ద టెర్మినల్ దాకా దారిలో పోయింది 0.3 వోల్టు, మోటారు బాడీ నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.1. మొదటిది 0.5 లోపు, రెండోది 0.2 లోపు ఉంటే కేబుళ్ళకీ, మోటారుకి కరెంటు కలిపే సోలినాయిడ్‌కీ ఎర్త్‌కీ వంక పెట్టలేం. మీటరు పుల్లలు క్లాంపుల మీద కాదు, సీసపు బొడిపెల మీదే పెట్టాలి. లేకపోతే క్లాంపు కింద తుప్పు ఉన్నా కనపడదు. అంటే మోటారు గుమ్మం దాకా 11.2 వోల్టులు చేరుతున్నాయి. క్లాంప్ మీటర్లో కరెంటు మాత్రం 60 ఆంపియర్లు దాటలేదు.

ఆ రీడింగే మొత్తం చెప్పేస్తుంది. ఆగిపోయిన డీసీ మోటారు కరెంటుని గుటగుటా తాగాలి, బ్యాటరీని ఇంకా కిందికి లాగెయ్యాలి. వోల్టేజి నిండుగా ఉండి, మోటారు ఆగిపోయి, కరెంటు తక్కువగా ఉందంటే లోపల, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల దగ్గరో అవి ఆనే రాగి పలకల చక్రం, కమ్యుటేటర్ దగ్గరో దారి మూసుకుపోయిందనే. అదే కరెంటు విపరీతంగా లాగుతూ తిరగకపోతే పట్టేసిన బేరింగో, షార్టయిన ఆర్మేచరో (తిరిగే భాగంలోని తీగచుట్ట), నిజంగానే బిగుసుకున్న ఇంజనో అని వెతకాలి. బ్యాటరీయే 9.6 వోల్టుల కంటే దిగిపోతే ముందు బ్యాటరీని చూడాలి. ఇంత తెలిసీ ఆ వీడియో చూసి మురిసిపోయానంటే రంగు ఎంత బాగుందో మీరే ఊహించుకోండి.

బెంచి మీద తిరగడానికీ ఇంజన్ని తిప్పడానికీ తేడా ఇదీ. బ్రష్‌ల దగ్గర అదనంగా 0.1 ఓమ్ అడ్డం ఉందనుకోండి. బెల్టు లేకుండా మోటారు 10 ఆంపియర్లు లాగితే అక్కడ పోయేది ఒక్క వోల్టు. గిర్రున తిరుగుతుంది, వీడియో బ్రహ్మాండంగా వస్తుంది. లోడు పడి 60 ఆంపియర్లు పారితే అక్కడే 6 వోల్టులు ఆవిరి. ఇంజన్ని తిప్పాల్సిన శక్తి బ్రష్ కొనల దగ్గర వేడై పోతుంది. లోడు లేని వీడియో టెస్టు కాదు, నాటకం.

ఈ అంకెలన్నీ పంపించాను. జవాబు మర్యాదగానే వచ్చింది: "వెనక మూత తీసి బ్రష్‌ల ఫోటోలు పంపండి, చూసి చెప్తాం."

రెండు పొడుగు బోల్టులు తీస్తే మూత వచ్చేసింది. లోపల పైన పటారం లోన లొటారం. మూత అతుకు దగ్గర రంగు కింద పాత జిడ్డు అలాగే ఉంది, కడిగిన పాపాన పోలేదు. బ్రష్‌లు ఎంత అరిగిపోయాయంటే స్ప్రింగు చెయ్యి హోల్డర్‌కే ఆనుకుంది, బ్రష్‌ని నొక్కట్లేదు. కమ్యుటేటర్ మీద గాడి పడింది. రీబిల్ట్ అంటే దాన్ని లేతు మీద చెక్కి, రాగి పలకల మధ్య కరెంటు పారకుండా ఉండే మైకాని 1/32 అంగుళం లోతుకి తవ్వాలి. ఇక్కడ మైకా రాగితో సమానంగా ఉంది, బ్రష్ దాని మీద ఎగిరెగిరి పడుతోంది. బేరింగులో గ్రీజు ఎండి పొడి అయింది. నల్లటి కార్బన్ దుమ్ము గుప్పెడు రాలింది. అతను రీబిల్ట్ చేసింది ఒక్క రంగునే.

ఫోటోలు పంపాను. దానికి వచ్చిన జవాబు అక్షరం మార్చకుండా రాస్తున్నా:

"మీరు మోటారు తెరిచారు కాబట్టి గ్యారంటీ వర్తించదు."

అవును, తెరవమన్నది ఎవరండీ? ఆ మెసేజి పైనే ఉంది కదా, మీ మెసేజే! తెరవకపోతే "ఇంజను పట్టేసింది" అంటారు, తెరిస్తే "గ్యారంటీ పోయింది" అంటారు. అదే అడిగాను. "మా టెక్నీషియన్ సమక్షంలో తెరవాలి" అన్నాడు. ఆ షరతు అమ్మకపు పేజీలో లేదు, ఫోటోలు అడిగినప్పుడు లేదు, ఫోటోలు చేరాక పుట్టింది. తర్వాత నా నంబరు బ్లాక్. అరిగిన బ్రష్ వస్తే మార్చుకుంటాం, అదో పెద్ద ఖర్చు కాదు. మనిషిని ఉచ్చులోకి పిలిచి తలుపేసే ఈ తెలివికే ఒళ్ళు మండుతోంది.

కొనేవాళ్ళు ఏం చెయ్యాలంటే: డబ్బు కట్టేముందే మూత తీసిన ఫోటో అడగండి, బ్రష్‌లూ కమ్యుటేటరూ కనపడాలి. ఇంజనుకి బిగించి, ప్లగ్గు ఉండగా తిప్పిన వీడియో అడగండి. మీరు తెరవాల్సి వస్తే "తెరిచినా గ్యారంటీ ఉంటుంది" అని ముందు రాతలో తీసుకోండి. వీటికి నసిగితే వదిలెయ్యండి. పాత మోటారునే మంచి ఎలక్ట్రికల్ వైండింగ్ షాపులో ఇచ్చి బ్రష్‌లు, బేరింగులు, కమ్యుటేటర్ పని చేయించుకోవడం నయం.

ఇంకొకటి, డెల్కో-రెమీ రకానికి: ఏ మోటారు బిగించినా ఇంజను స్టార్ట్ చేసే ముందు చార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ మీది బ్యాట్ (BAT), జెన్ (GEN) టెర్మినళ్ళని ఒక్క క్షణం వైరుతో కలిపి పోలరైజ్ చెయ్యండి, అంటే డైనమోకి ప్లస్-మైనస్ దిశ పెట్టండి. అది చెయ్యకపోతే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, చార్జింగ్ మాత్రం ఉండకపోవచ్చు. ఇతని డబ్బాలో ఆ సూచన కాగితం కూడా లేదు.