రూపాయి ట్రయల్ యాప్‌లతో జాగ్రత్త, యాప్ తీసేసినా డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి

రెండేసి నిమిషాల సీరియళ్లు చూపించే యాప్‌లు మీ ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే, ముఖ్యంగా అమ్మానాన్నల ఫోన్లలో, ముందు ఇది చదవండి. యాప్ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద లాభం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో నడిచేవి బోలెడున్నాయి. జాతకాలు చెప్పేవి, ఇంగ్లీష్ నేర్పేవి, ఫొటోలు ఎడిట్ చేసేవి, వీటిలో చాలావాటిది ఇదే దారి.

ఇది మా అమ్మ ఫోన్‌లో జరిగింది. వీడియోలు చూస్తుంటే మధ్యలో యాడ్ వచ్చింది. కోడల్ని అత్తగారు ఇంట్లోంచి గెంటేస్తుంది, ఆ కోడలు నిజానికి కోటీశ్వరురాలు, ఆ సంగతి బయటపడేలోపే కథ ఆగిపోతుంది, మిగతాది యాప్‌లో చూడమంటారు. యాప్‌లోకి వెళ్తే కొన్ని ఎపిసోడ్లు ఊరికే చూపించి, సరిగ్గా అసలు ఘట్టం దగ్గర తాళం వేసి, 1 రూపాయికే అన్నీ చూడొచ్చన్నారు. ఆ 1 మాత్రం స్క్రీన్ నిండా ఉంటుంది. ట్రయల్ అయ్యాక నెలకి రూ. 499 అనేది కింద బూడిద రంగులో, చత్వారం వచ్చినవాళ్లకి కనపడనంత చిన్నగా, అదీ ఇంగ్లీషులో. అమ్మ యూపీఐ పిన్ కొట్టింది. అప్పటికి పోయింది రూపాయే, కానీ ఆ పిన్‌తోనే ఇకమీదట ప్రతి నెలా అకౌంట్‌లోంచి డబ్బు తీసుకోవచ్చని వాళ్లకి అనుమతి కూడా వెళ్లిపోయింది. దీన్నే ఆటోపే మాండేట్ అంటారు.

కథ బాగోలేదని అమ్మ కొద్దిరోజులకే యాప్ తీసేసింది. అక్కడితో అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. యాప్ తీసేస్తే మాండేట్ పోదు, అది ఉండేది బ్యాంకుకీ యూపీఐకీ మధ్య, ఫోన్‌లో ఆ యాప్ ఉందా లేదా అన్నదానితో దానికి పనే లేదు. పెన్షన్ పడే అకౌంట్‌లోంచి నెలనెలా 499 పోతున్న సంగతి పాస్‌బుక్ ప్రింట్ చేయించినప్పుడు గానీ తెలియలేదు.

యాప్ వాళ్లకి మెయిల్ పెడితే మీ ఫిర్యాదు మాకు ముఖ్యం అని యంత్రం పంపే జవాబు, చాట్‌లో ఎంత మొత్తుకున్నా తిప్పి తిప్పి అవే ఆప్షన్లు. ఫోన్ నంబరు ఎక్కడా లేదు. బ్యాంకుకి వెళ్తే, పిన్ మీరే కొట్టారు కదండీ, ఇది ఫ్రాడ్ కిందకి రాదు అన్నారు. ఇంకో మాట, ఇలాంటి సమయంలో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి దొరికినదానికల్లా ఫోన్ చేయకండి. అలా దొంగ నంబర్లు పెట్టి కూర్చునేవాళ్లు వేరే ఉన్నారు, రిఫండ్ ఇస్తామని చెప్పి స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయించి ఉన్నదంతా ఊడ్చేస్తారు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. సెంట్రల్ కన్జ్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్, అంటే యాప్‌లూ వెబ్‌సైట్లూ కొనేవాళ్లని బోల్తా కొట్టించే ఎత్తుల మీద మార్గదర్శకాలు తెచ్చి 13 రకాల మాయలను నిషేధించింది. అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. క్యాన్సిల్ చేసే దారి దాచిపెట్టడం, ఉచిత సబ్‌స్క్రిప్షన్‌కి కూడా ఆటో డెబిట్ అనుమతి తప్పనిసరి చేయడం, రెండూ దాని కిందకే వస్తాయి. ఉచితం అంటే దొరికిపోతామనే రూపాయి పెట్టారేమోనని నా అనుమానం. రిజర్వ్ బ్యాంక్ వైపు నుంచి చూస్తే, ఇలాంటి మాండేట్లలో మొదటిసారి పిన్ కొడితే చాలు, ఆ తర్వాత రూ. 15,000 వరకు మళ్లీ అడగక్కర్లేదు. 2022 జూన్‌కి ముందు ఆ పరిమితి 5,000గా ఉండేది. కరెంటు బిల్లు, ఓటీటీ లాంటివి కట్టేవాళ్లకి సులువుగా ఉండాలని పెంచారు, మంచిదే, కానీ 499 లాగేవాడికీ అదే తలుపు తెరిచి ఉంది. డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్న నిబంధన కూడా ఉంది. అమ్మ ఫోన్‌లో వెతికితే ఆ మెసేజ్‌లు ఉన్నాయి కూడా, ఇంగ్లీషులో, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో. తెలుగు మాత్రమే చదివే మనిషికి అది చెప్పినట్టా, చెప్పనట్టా?

ఇప్పుడు చేయాల్సింది చూడండి. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, ఏది వాడుతున్నా ప్రొఫైల్‌లోనో సెట్టింగ్స్‌లోనో ఆటోపే అని ఉంటుంది. ఫోన్‌లో రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే అన్నింట్లోనూ చూడండి. అక్కడ మాండేట్ల లిస్టు కనిపిస్తుంది, తెలియని పేరుంటే నొక్కి క్యాన్సిల్ చేయండి, పాజ్ చేసి వదిలేయకండి. కంగారులో ఎల్ఐసీ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్ సిప్‌ల మాండేట్లు కూడా తీసేయకండి, పేరు సరిగ్గా చూసుకోండి. యాప్ పేరు ఒకటి, లిస్టులో కనిపించే కంపెనీ పేరు ఇంకోటి కావచ్చు, మాకు మొదట దొరకనిది అందుకే. కొత్తగా ఎక్కడైనా రూపాయి కట్టేటప్పుడు పిన్ కొట్టే పేజీలో ఆటోపే అనో, నెలకి ఇంతవరకు అనో ఉందేమో చదవండి, మామూలు పేమెంట్‌కి ఆ మాట ఉండదు.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ముందే ఆ 1 రూపాయి పేజీ, డెబిట్ మెసేజ్‌లు, మీరు పెట్టిన మెయిల్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు కంపెనీవాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి, ఆ మాట మెయిల్‌లోనే రాసేయండి.

మేం 1915లో ఫిర్యాదు పెట్టాక ఒక నెల 499 వెనక్కొచ్చింది. మిగతాది పాలసీ ప్రకారం ఇవ్వం అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కాబట్టి ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఇదే రూపాయి ట్రయల్‌లో మీ ఇంట్లోవాళ్ల డబ్బూ పోయి ఉంటే మీరూ 1915లో ఫిర్యాదు వేయండి, ఒకే కంపెనీ మీద ఎక్కువమంది చెప్తే గానీ పైవాళ్లు కదలరు.