చెరువు గట్టు మీదికి ఏ రివాల్వర్? పాత మడత మోడలా, పక్కకి తెరుచుకునే కొత్తదా?

రొయ్యల చెరువు పట్టుబడి రోజులు దగ్గరపడి, దొంగలకి కాపలా మొదలైతే చాలు, నాకు ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా వస్తుంది. "అన్నయ్యా, .32 బోరు రివాల్వర్ తీసుకుంటున్నాను, పాత మోడలా కొత్తదా?" అని ఒకరు. "పిస్టల్ అయితే ఎనిమిది గుళ్ళు పడతాయంట కదండీ" అని ఇంకొకరు. మెట్టలో ఉన్న మా బావగారైతే ఏడాదిగా ఒకటే మాట: "అడవిపందికి .32 సరిపోద్దా బావా?" ఈ మధ్యే నేనూ ఒకటి ఇచ్చేసి ఇంకొకటి తెచ్చుకున్నాను కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను. తుపాకి లైసెన్సు ఎలా పెట్టుకోవాలన్నది ఇందులో ఉండదు. అది చేతికొచ్చి, ఏది కొనాలా అని కొట్టుకుంటున్నవాళ్ళ కోసమే ఇది.

ముందు పంది సంగతి తేల్చేద్దాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మనకి వేట అన్న మాటే లేదు. పంది పంటని పాడు చేస్తున్నా సరే, అటవీశాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉంటే తప్ప తుపాకి ఎత్తకూడదు. చెరువులో పడే బావురుపిల్లి అయితే చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు, దాని జోలికెళ్తే నేరుగా జైలు దారే. కోరింగ అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టాలన్నా ముందే అనుమతి కావాలి. ఇక చట్టం పక్కన పెట్టినా .32 రివాల్వర్ గుండుకి పందిని పడగొట్టే సత్తా లేదు. గొట్టం నుంచి బయటికొచ్చేటప్పుడు దాని శక్తి దాదాపు 150 జౌల్స్. అమెరికాలో పందుల మీద వాడే పెద్ద తూటా .44 మాగ్నమ్‌ది వెయ్యి దాటుతుంది. కోపం తెప్పించడానికైతే .32 సరిపోద్ది బావా.

నీటికాకుల మీద రివాల్వర్ పనికొస్తుందా అని కూడా ఒకాయన అడిగాడు. చెరువు మీద తాళ్ళు కట్టుకోండి బాబూ.

ఇక అసలు పోటీకి వద్దాం. మనవైపు ఎక్కువమంది దగ్గర ఉన్నది కాన్పూర్‌లో ప్రభుత్వ కర్మాగారం తయారు చేసిన పాత ఆర్డ్‌నెన్స్ .32. వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్ బాణీలో, మధ్యకి మడిస్తే తెరుచుకుంటుంది. ఆరు గుళ్ళు, మూడంగుళాల గొట్టం. దీనికి పోటీగా 2023 ఆగస్టులో ప్రబల్ అనే కొత్త రివాల్వర్ వచ్చింది. దీని గొట్టమూ 76 మిల్లీమీటర్లే, బరువు 700 గ్రాములకి అటూ ఇటూ. కాకపోతే గుళ్ళు పెట్టే సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. 50 మీటర్ల దాకా తగులుతుందని కంపెనీవాళ్ళు చెప్తారు. చీకట్లో, టార్చి వెలుగులో, ఒక చేత్తో లుంగీ పట్టుకుని నిలబడ్డవాడికి ఆ 50 మీటర్లు ఎందుకో నాకు తెలియదు. పది మీటర్లలో ఏం జరుగుతుందన్నదే నా లెక్క.

పది మీటర్లలో తేల్చేది బోరు (గొట్టం లోపలి వెడల్పు) కాదు, గొట్టం కాదు, ట్రిగ్గర్ లాగుడు. కొనేటప్పుడు అందరూ చివర్లో చూసేది అదే. కొంతమంది అసలు చూడనే చూడరు.

మా ఇంట్లో రొయ్యల బుట్ట తూచే హుక్కు కాటా ఉంది. సిలిండర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, పాత రివాల్వర్ ట్రిగ్గర్‌కి ఆ హుక్కు తగిలించి లాగాను. హ్యామర్ (వెనకుండే సుత్తి) ముందే వెనక్కి లాగి ఉంచితే రెండు కిలోల దగ్గర పడింది. హ్యామర్ ముట్టుకోకుండా నేరుగా ట్రిగ్గర్ లాగితే ఆరు కిలోలు దాటింది. ఏడొందల గ్రాముల వస్తువుని కదలకుండా పట్టుకుని, దాని మీద ఒక్క వేలితో ఆరు కిలోలు లాగాలన్నమాట. గొట్టం పక్కకి తిరగకుండా ఎలా ఉంటుంది?

రేంజికి తీసుకెళ్ళి చూస్తే అదే తేలింది. పది మీటర్లలో హ్యామర్ లాగి నిదానంగా కొట్టిన ఆరూ టీ సాసరంత జాగాలో పడ్డాయి. నేరుగా ట్రిగ్గర్ లాగి కొట్టిన ఆరూ అన్నం కంచమంత వెడల్పున చెల్లాచెదురయ్యాయి. అందులో నాలుగు ఎడమవైపు కిందికి. కుడిచేతివాడు ట్రిగ్గర్‌ని గుంజితే గుళ్ళు పోయే చోటు అదే.

వేటకీ వెంట పెట్టుకోవడానికీ తేడా ఇక్కడే ఉంది. వేటగాడికి టైము ఉంటుంది. కర్రో, చెట్టుమానో ఆసరా చేసుకుని, హ్యామర్ వెనక్కి లాగి, ముందు గురిపుల్ల మీద చూపు నిలిపి ఒక్కటి కొడతాడు. వాడికి రెండు కిలోల ట్రిగ్గరే ప్రపంచం. గట్టు మీద మనకి ఆ టైము ఉండదు, అలా హ్యామర్ లాగి చేత్తో పట్టుకుని తిరగనూ కూడదు. బురదలో కాలు జారితే రెండు కిలోలు ఒక లెక్కా! మనకి పనికొచ్చేది ఆ బరువైన లాగుడే. కాబట్టి ఆ లాగుడు ఎందులో తేలికగా, గతుకుల్లేకుండా సాగుతుందో అదే మంచి రివాల్వర్. కొత్తదాన్ని అదే కాటాతో తూచితే నాలుగున్నర కిలోల దగ్గర వచ్చింది. నా చేతిలో ఉన్న పీసు లెక్క ఇది, మీరు కొనేది మీరే తూచుకోండి. రేంజిలో మాత్రం కంచం కాస్తా చిన్న ప్లేటైంది.

మా పిన్నికొడుకు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ రైతు ఒప్పుకుంటే ప్రైవేటు పొలాల్లో అడవిపందిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. వాడు .357 కొనాలా .44 కొనాలా అని నన్ను అడిగి, చివరికి ఏడున్నర అంగుళాల గొట్టమున్న .44 కొన్నాడు. నెల తర్వాత "అన్నయ్యా, ఒక్కటీ తగలట్లేదు" అని ఫోను. సిలిండర్‌లో నాలుగు నిజం తూటాలు, రెండు ఖాళీ గుల్లలు కలిపి పెట్టి, చూడకుండా తిప్పి, కాల్చి వీడియో పంపమన్నాను. ఖాళీ గుల్ల వచ్చినప్పుడల్లా, పేలకుండానే గొట్టం మూతి జానెడు కిందికి దిగింది. తుపాకి వెనక్కి తన్నే దెబ్బకి ముందే భయపడుతున్నాడన్నమాట. ఇప్పుడు అదే తుపాకిలో తేలికైన .44 స్పెషల్ తూటాలు వేసుకుని ప్రాక్టీసు చేస్తున్నాడు. .357 కొని ఉంటే అందులో .38 స్పెషల్ తూటా కూడా పడుతుంది, అక్కడ అది ఇంకా చవక. నన్నడిగితే వాడికి అదే మేలు. ఈ ఖాళీ గుల్లల పరీక్ష మనమూ చేసుకోవచ్చు. లైసెన్సు మీద రాసినన్ని తూటాలే దొరికే మనకి అది మరీ అవసరం. ఇంకొక్క మాట: రెండో చేతి వేళ్ళు సిలిండర్ ముందుకి రాకూడదు. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వచ్చే వేడి గాలి చర్మాన్ని కోసేస్తుంది.

పాతదానికి మార్కులు లేవని కాదు. మడిస్తే చాలు, ఆరు గుల్లలూ ఒక్కసారే ఎగిరి బయట పడతాయి. తడి చేతులతో చీకట్లో అంత సుఖం ఇంకోటి లేదు. కొత్తదానికి సిలిండర్ పక్కకి తోసి, మూతి పైకి ఎత్తి, కడ్డీ నొక్కాలి. మూతి కిందికి పెట్టి నొక్కితే కాలని మందు రేణువులు గుల్లల్ని బయటికి నెట్టే నక్షత్రం లాంటి బిళ్ళ కింద చేరి సిలిండర్ పట్టేస్తుంది. నాకు రెండుసార్లు అయింది. కానీ పాతదాంట్లో మడత బందూ పైన గొళ్ళెమూ ఏళ్ళ మీద వదులవుతాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఖాళీ తుపాకిలో హ్యామర్ లాగి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, సిలిండర్‌ని వేళ్ళతో కదిపి చూడండి. లొడలొడ ఆడితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఉప్పుగాలి విషయంలో రెండిటికీ తేడా లేదు, రెండూ తుప్పు పడతాయి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచేవాళ్ళకి ముందు పడుతుంది. తోలు చెమటని తాగి ఇనుముకి పెడుతుంది. 2024 ఎన్నికలకి మార్చిలో మా పాతదాన్ని స్టేషన్లో అప్పజెప్పి జూన్‌లో తెచ్చుకుంటే, గొట్టం మీద ఆవగింజలంత తుప్పు చుక్కలు వరసగా ఉన్నాయి. తప్పు సగం నాదే, హోల్‌స్టర్‌తో సహా ఇచ్చాను. ఇప్పుడు నూనె గుడ్డ చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇవ్వాలనుకుంటున్నాను.

పిస్టల్ గురించి అడిగినవాళ్ళకి: ఎనిమిది గుళ్ళు నిజమే. ఒక గుండు పేలకపోతే రివాల్వర్‌లో మళ్ళీ ట్రిగ్గర్ లాగితే సరి, పిస్టల్‌లో రెండో చెయ్యి కావాలి. నెలకోసారి విప్పి శుభ్రం చేసే ఓపిక ఉంటే తీసుకోండి. తూటాల దగ్గర మాత్రం జాగ్రత్త. రెండిటినీ .32 అనే అంటారు గానీ రివాల్వర్‌ది పొడుగు తూటా, పిస్టల్‌ది పొట్టిది, ఒకటి ఇంకోదాంట్లో వాడకూడదు. పన్నెండు బోరు పొడుగు తుపాకి కాపలాకి మంచిదే, ఇంటికీ చెరువుకీ మోసుకు తిరగలేం. .22 రివాల్వర్ నేర్చుకోవడానికి బావుంటుంది.

ఏది కొన్నా, రొయ్యలు ఎత్తుకుపోతున్నాడని మనిషిని కాల్చే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. పెళ్ళిలో, పండక్కి గాల్లోకి పేల్చినా ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పదేళ్ళలో గట్టు మీద నాకు పనికొచ్చింది టార్చి లైటే. రివాల్వర్ ఒక్కసారీ తియ్యలేదు.

అదే సవరణతో మనిషికి రెండు ఆయుధాలే అయ్యాయి కదా. నా దగ్గర పన్నెండు బోరు, పాత .32 ఉండేవి. పాతది నాన్నగారికి డెబ్బై దాటాక నా పేరుకి మారింది. కొత్తది కావాలంటే రెండిట్లో ఒకటి పోవాలి. వారం రోజులు తేల్చుకోలేక చివరికి పన్నెండు బోరు డీలర్‌కి ఇచ్చేశాను. నడుముకి కొత్తది, బీరువాలో పాతది.

కొత్తది తెచ్చిన రోజు నాన్నగారి చేతికి ఖాళీదే ఇచ్చాను. ఆయన సిలిండర్ తెరిచి ఆరు గదులూ వేలు పెట్టి చూసి, మూసి, గోడ వైపు తిప్పి ఒకసారి ట్రిగ్గర్ లాగారు. "ఇంత మెత్తగా ఉందేంట్రా" అన్నారు. మళ్ళీ లాగారు. మూడోసారీ లాగబోతుంటే అమ్మ వంటింట్లోంచి కేకేసింది.