ఎర్ర ఫిల్టర్‌తో ఏడేళ్ల మబ్బులు

లెన్స్ ముందు బిగించే ఎర్ర గాజు, ఈ 25 నంబరు ఫిల్టర్‌ని నలుపు తెలుపు ఫిల్మ్ మీద మబ్బులు తీయడానికే కొన్నాను. 52 మిల్లీమీటర్ల వ్యాసం. ఏడేళ్లుగా వాడుతున్నా, ఎక్కువగా అనంతపురంలో మా మిద్దె మీద నుంచే.

ఇది చేసే పని ఒక్కటే, ఎరుపుని రానిచ్చి నీలాన్నీ ఆకుపచ్చనీ ఆపేస్తుంది. ఆకాశపు వెలుతురులో నీలమే ఎక్కువ కాబట్టి ఆకాశం నల్లబడుతుంది. మబ్బు అన్ని రంగుల్నీ చెదరగొడుతుంది కాబట్టి తెల్లగానే నిలుస్తుంది. ఫిల్టర్ లేకుంటే రెండూ దగ్గర దగ్గర బూడిద రంగులో కలిసిపోయి మబ్బెక్కడుందో వెతుక్కోవాలి.

దానికి బదులు మూడు స్టాపుల వెలుతురు మింగేస్తుంది, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది. 1/500 సెకనులో తీసేది 1/60కి దిగుతుంది, తక్కువ వెలుతురు చాలే 400 ఫిల్మ్ ఉంటేనే సుఖం. వ్యూఫైండర్‌లో లోకమంతా కుంకుమ నీళ్లలో ముంచినట్టుంటుంది. మోడం పట్టిన రోజు దండగ: నీలమే లేనప్పుడు ఆపేదేముంది? వాన వెలిసిన మర్నాడు, దుమ్ము కడుక్కుపోయాక చూడాలి దీని పనితనం. మా ఎర్రనేల సున్నం కొట్టినట్టు వస్తుంది, చెట్లు మసిబారతాయి. మనుషుల్ని మాత్రం తీయకండి, పెదాలు పాలిపోతాయి. ఒక మే నెలలో రింగు లెన్స్‌కి బిగుసుకుపోయింది. రబ్బరు బ్యాండు చుట్టి తిప్పితే గానీ ఊడలేదు.

నా అసలు ఫిర్యాదు వేరే. ఇది ప్రతి మబ్బునీ యుద్ధానికి పంపుతుంది. మొదటి రెండేళ్ల ప్రింట్లన్నీ ఒకటే ఉరుము. తర్వాత అమెరికా ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1925 నుంచి 1934 దాకా తీసిన మబ్బుల ఫొటోలు, ‘ఈక్వివలెంట్స్’ చూశాను. అరచేతిలో పట్టేంత చిన్న ప్రింట్లు. చాలావాటిలో నేల లేదు, చెట్టు లేదు, ఏది పైనో ఏది కిందో తెలియదు. అప్పట్నుంచి పల్చటి మబ్బులకి పసుపు ఫిల్టర్ వేస్తున్నా. ఒక్క స్టాపే పోతుంది, ఆకాశం నడిమి బూడిదలో ఆగుతుంది, మబ్బు అంచు ఎక్కడ కరిగిందో కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఎర్రది ఇప్పుడు గుట్టల్లా పేరుకునే తెల్ల మబ్బులకే.

డిజిటల్ వాళ్లకి ఇది వద్దంటాను. రంగుల సెన్సార్‌లో ఎరుపు చూసే చుక్కలు నాలుగింట ఒకటే. తర్వాత కంప్యూటర్లో నీలం తగ్గించుకోవడమే మేలు.

నాకు బాగా నచ్చిన ప్రింటు అవ్వకి చూపించాను. నల్లటి భాగం మీద వేలు పెట్టి, “ఇంత నల్లగా కమ్మిందే, పడిందా నాయనా వాన?” అంది. అది మబ్బు కాదవ్వా, ఆ రోజు ఎండ కాసిన ఆకాశం అని చెప్పాను.