ఘాట్ ఎక్కనంటున్న పాత ఆటోమేటిక్ బండి: ఆయిల్ మార్పా, వాల్వ్ బాడీ పనా, ఓవర్‌హాలా, పాత గేర్‌బాక్సా.. ఏది మేలు?

మా బావది పలమనేరు. మామిడి తోటకు వెళ్లి రావడానికి పదమూడేళ్ల నాటి నాలుగు చక్రాల డ్రైవ్ బండి వాడుతున్నారు. ఆటోమేటిక్ గేర్లు. తిరుపతిలో నా దగ్గర ఉన్నదీ ఇంచుమించు అదే వయసు బండి. పోయిన వేసవిలో రెండు వారాల తేడాతో ఇద్దరం ఒకే మాట అన్నాం: "ఇంజిన్ అరుస్తోంది, బండి ముందుకు పోవడం లేదు." రెండు వేర్వేరు గ్యారేజీలు ఒకే తీర్పు చెప్పాయి: గేర్‌బాక్స్ దించాలి. నా బండి విషయంలో అది నిజం. బావ బండి విషయంలో ఎంతమాత్రం కాదు. అందుకే మరమ్మతుల్లో ఏది మేలో చెప్పేముందు, జబ్బు ఎక్కడుందో తెలుసుకునే దారుల గురించి చెప్పాలి. అక్కడ పొరపాటు జరిగితే ఎంత మంచి మరమ్మతైనా డబ్బు దండగే.

బావ ఫోన్ చేసినప్పుడు చివర్లో యథాలాపంగా ఒక మాటన్నారు. "డి లో కదలదు, ఆర్ లో కదలదు, సరే. పి లో పెట్టినా గట్టు మీది నుంచి మెల్లగా దొర్లిపోయింది, రాయి పెట్టి ఆపాను." జబ్బు పేరు ఆ మాటలోనే ఉంది. గేరు లీవరు మీద డి ముందుకు పోవడానికి, ఆర్ వెనక్కి, పి బండిని నిలిపి ఉంచడానికి. పి లో పెడితే లోపలి కొక్కెం గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్టును పట్టి ఉంచుతుంది. ఆ షాఫ్టుకూ చక్రాలకూ మధ్య, బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టె ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో చిక్కుకుంటే డి, ఆర్, పి మూడూ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. గేర్‌బాక్స్ లోపల ఇంజిన్ బలాన్ని పట్టి అందించే క్లచ్ ప్లేట్లు కాలిపోయినా పి మాత్రం బండిని పట్టి ఉంచుతుంది. బావ బండిలో 4హెచ్ (నాలుగు చక్రాలకూ మామూలు వేగం) నుంచి 4ఎల్‌కు (నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ బలం) మార్చే లీవరు బుష్షులు అరిగి, లీవరు సగంలోనే ఆగిపోయింది. బుష్షులు మార్చారు, బండి నడిచింది. ఈ పరీక్ష చేసేటప్పుడు చక్రాల కింద తప్పనిసరిగా రాళ్లు పెట్టండి.

నాలుగు చక్రాల బండ్లలో గేర్‌బాక్స్ మీద పడే మరో నింద కూడా ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు లోపల డిఫరెన్షియల్ (ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేని బండిని 4హెచ్‌లో ఉంచి పొడి తారు రోడ్డు మీద మలుపులు తిప్పితే, ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాల్సి వచ్చి బండి బిగుసుకుంటుంది, కుదుపులు ఇస్తుంది. ముందు వెనక టైర్ల అరుగుదలలో పెద్ద తేడా ఉన్నా ఇదే బాధ. 2హెచ్‌లోకి (రెండు చక్రాల డ్రైవ్‌లోకి) మార్చగానే కుదుపు పోతే గేర్‌బాక్స్ నిర్దోషి.

ఇక నా బండి. తొలి సంకేతం నాలుగు నెలల ముందే వచ్చింది. పొద్దున స్టార్ట్ చేసి డి లో పెడితే రెండు మూడు సెకన్ల తర్వాత గాని పట్టు దొరికేది కాదు. నేను పట్టించుకోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం అలిపిరి దాటి కొండ ఎక్కుతుండగా, ఇంజిన్ తిరగడం పెరుగుతోంది, వేగం మాత్రం పడిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక జారడమంటే, పలచబడిన ఆయిల్‌తో క్లచ్ ప్లేట్లను నొక్కే పీడనం చాలడం లేదని, లేదా ప్లేట్లే అరిగాయని అర్థం. ఎక్కుడు దారిలో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ కాకుండా ఎక్కువసేపు ఆయిల్‌ను చిలుకుతూనే ఉంటుంది. ఆ చిలకడమంతా వేడి. నలభై డిగ్రీలు దాటే మన వేసవి దానికి తోడు.

ఇలాంటప్పుడు బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌ను నమ్మాలా, ఆయిల్‌ను నమ్మాలా, రోడ్డు మీద నడిపి చూడడాన్ని నమ్మాలా? నా ఓటు మొదట ఆయిల్‌కే. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఉంటే తెల్లగుడ్డ మీద ఒక చుక్క వేయండి. ఎరుపు రంగుంటే మంచిది. గోధుమ రంగు ముసలితనం. నలుపు తిరిగి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయి. రోజ్ మిల్క్ రంగులో నురగగా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిట్లి నీళ్లు కలిశాయి. అప్పుడు బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, ఆ నీళ్లకు ప్లేట్ల మీది కాగితపు పొర ఊడిపోతుంది. డిప్‌స్టిక్ లేని బండ్లలో నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర పక్క నట్టు విప్పి మట్టం చూడాలి, అది గ్యారేజీలో చేయించుకోవాల్సిన పని.

స్కానర్ అవసరమే, కానీ దాని మాటను అక్షరాలా నమ్మకూడదు. పి0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు ఏదో ఫిర్యాదు ఉందని మాత్రమే. పి0730 వస్తే గేర్ నిష్పత్తి కుదరడం లేదని, అంటే జారుతోందని అనుమానించాలి. పి0740 టార్క్ కన్వర్టర్ లాక్ వైపు, పి0750 షిఫ్ట్ సొలినాయిడ్ (గేర్లు మార్చే విద్యుత్ వాల్వ్) వైపు చూపిస్తాయి. అయితే సొలినాయిడ్ కోడ్ రాగానే సొలినాయిడ్ కొనకండి. తోటల్లో, బురదలో తిరిగిన బండిలో కనెక్టరులోకి నీరు చేరినా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా, బ్యాటరీ బలహీనపడినా అదే కోడ్ వస్తుంది.

రోడ్డు మీద చేసే రెండు పరీక్షలు నాకు బాగా నచ్చాయి. బండి 60, 70 వేగంలో గరుకు పట్టీల మీద వెళ్తున్నట్టు వణుకుతుంటే, యాక్సిలరేటర్‌ను కదపకుండా బ్రేకును బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకండి. వణుకు వెంటనే ఆగితే లోపం టార్క్ కన్వర్టర్ లాక్ క్లచ్‌ది. ఆగకపోతే ఇంజిన్ వైపు చూడాలి. రెండోది కొండ దిగేటప్పుడు. 1944లో ప్రారంభమైన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు తిరుమల నుంచి దిగడానికే వాడుతున్నారు. అక్కడ ఎల్ (కింది గేరు) లో పెట్టినా ఇంజిన్ బండిని పట్టి ఆపడం లేదనుకోండి. దానికి తోడు రివర్స్ కూడా బలహీనంగా ఉంటే, చాలా పాత గేర్‌బాక్సుల్లో ఆ రెండింటికీ కలిపి పనిచేసే లో-రివర్స్ క్లచ్ అరిగినట్టే. బ్రేకులు తిరుగులేకుండా ఉన్నాయని రూఢి చేసుకున్నాకే ఈ పరీక్ష చేయాలి. బ్రేకు తొక్కిపెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే స్టాల్ పరీక్ష కూడా ఉంది. ఐదు సెకన్లకు మించకూడదంటారు. అనుమానం ఉన్న పాత గేర్‌బాక్స్ మీద అదీ వద్దనే చెబుతాను. కొన ఊపిరితో ఉన్న ప్లేట్లను అదే చంపేస్తుంది.

ఇప్పుడు మరమ్మతులు. ఆయిల్ మార్పు అన్నిటికంటే చవక. ఆయిల్ ముదిరింది కానీ జారడం ఇంకా మొదలవలేదంటే అంతకు మించిన వైద్యం లేదు. అడుగు నట్టు విప్పితే మూడో వంతు నుంచి సగం దాకానే దిగుతుంది, మిగిలింది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి మధ్యలో కొన్నాళ్లు నడిపి రెండు మూడు సార్లు మార్చాలి. కంపెనీ చెప్పిన రకమే పోయాలి, ఎర్రగా ఉన్న ఆయిల్ అంతా ఒకటి కాదు. జారడం మొదలయ్యాక మాత్రం ఇది వైద్యం కాదు. "కొత్త ఆయిల్ పోస్తే ఉన్న గేర్లూ పోయాయి" అని చాలామంది వాపోతారు. పోగొట్టింది ఆయిల్ కాదు, ప్లేట్లు అప్పటికే అయిపోయాయి.

వాల్వ్ బాడీ, అంటే ఆయిల్ పీడనాన్ని ఏ గేరుకు పంపాలో నడిపించే భాగం, దాని పని మధ్యేమార్గం. గేర్లు దెబ్బ కొట్టినట్టు పడుతున్నా, ఒక్క గేరే రాకపోయినా, ఆయిల్ శుభ్రంగా ఉంటే ముందు ఇదే చేయించాలి. చాలా బండ్లలో గేర్‌బాక్స్ దించకుండా, కింది పళ్లెం విప్పి చేయవచ్చు. ఆ పళ్లెంలోని అయస్కాంతాన్ని మీ కళ్లతో చూడండి. సన్నటి బూడిదరంగు పేస్టు సహజమే. మెరిసే ఇనుప రజను ఉంటే వాల్వ్ బాడీ మీద పైసా పెట్టకండి.

నా బండికి వేరే బండి నుంచి తీసిన పాత గేర్‌బాక్స్ వైపు బావ మనసు లాగింది. "చెన్నై పుదుపేటలో దొరకని సామాను ఉందా? తెచ్చి బిగించేద్దాం" అన్నారు. త్వరగా అయిపోతుందన్నది నిజమే. కానీ రెండు చక్రాల డ్రైవ్ బండి గేర్‌బాక్స్ వెనక భాగం వేరు, మనదానికి ట్రాన్స్‌ఫర్ కేసు అతకాలి. పార్ట్ నంబరు, గేర్ నిష్పత్తి, కంప్యూటర్ అన్నీ కలవాలి. అన్నీ కలిసినా అది ఏ బండిలో ఎంత కాలిందో చెప్పేవారు ఉండరు. విడిభాగాలు ఎక్కడా దొరకని బండికి తప్ప దీన్ని నేను సమర్థించను.

నేను ఓవర్‌హాల్‌కే, అంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పి అరిగినవి మార్చడానికే వెళ్లాను. నల్లటి ఆయిల్, వేడెక్కితే జారడం, పళ్లెంలో రజను, మూడూ ఉన్నప్పుడు మిగతావన్నీ వాయిదాలే. ప్లేట్లు, సీళ్లు, బుష్షులు, ఫిల్టరుతో పాటు టార్క్ కన్వర్టర్ కూడా విప్పి బాగుచేయాలి, కూలర్ గొట్టాలు కడగాలి. కన్వర్టర్‌ను వదిలేస్తే అందులోని పాత రజనంతా కొత్త ప్లేట్లలోకే వస్తుంది. ఖర్చు పెద్దదే. బండి అమ్మకపు ధరలో సగం దాటేలా ఉంటే, లోపం దాచకుండా చెప్పి అమ్మేయడమే మంచిదని నా లెక్క. నాది మూడో వంతు దగ్గర ఆగింది.

ఈ పని తెలిసినవారి కోసం బండిని చెన్నై దాకా, దాదాపు 135 కిలోమీటర్లు పంపాను. నాలుగు చక్రాల బండిని తాడు కట్టి లాగించకండి, రెండు చక్రాలు ఎత్తి కూడా లాగించకండి. మొత్తంగా ఎత్తి మోసుకెళ్లే లారీనే పిలవండి. పని అయ్యాక పాత ప్లేట్లను అడిగి తెచ్చుకున్నాను. వాటి మీది కాగితపు పొర గోటితో గీస్తే నల్లటి పొడిగా రాలింది. బయట ఒక అదనపు ఆయిల్ కూలర్ కూడా పెట్టించాను. ఇప్పుడు కొండ ఎక్కేటప్పుడు డి లో వదిలేయకుండా కింది గేరులో పట్టి నడుపుతున్నాను. బావకు తన బండి ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ రెండూ వానలు పడకముందే మార్పించమని చెప్పాను, తోటలో కోత అయ్యాక అన్నారు.