ఇంట్లో బీరు తయారీ: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ఇంట్లో బీరు తయారుచేయడం నేర్చుకోదలచినవారు జాన్ పామర్ రాసిన ‘హౌ టు బ్రూ’తో మొదలుపెట్టడమే మేలని, అందులోనూ 2017లో వచ్చిన నాలుగో కూర్పునే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని సుమారు 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో నానబెట్టినప్పుడు ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా ఎలా మారుస్తాయో, ఆ వేడి కాస్త పెరిగితే బీరు ఎందుకు చిక్కగా, తియ్యగా మిగిలిపోతుందో ఆయన కారణాలతో సహా విడమరచి చెబుతారు. ఈ ఒక్క విషయం కోసమైనా పుస్తకాన్ని కొనవచ్చు. రసాయనశాస్త్రమంటే బెదిరేవారికి చార్లీ పాపజియన్ 1984లో తొలిసారి వెలువరించిన ‘ది కంప్లీట్ జాయ్ ఆఫ్ హోమ్ బ్రూయింగ్’ ఎక్కువ నచ్చుతుంది. కొత్తవారికి ధైర్యం చెప్పడంలో దానికి సాటి లేదు. బీరును పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవి గురించి క్రిస్ వైట్, జమీల్ జైనషెఫ్ రాసిన ‘ఈస్ట్’ మాత్రం కొంత అనుభవం వచ్చాక చదివితేనే బాగా ఒంటబడుతుంది.